విశాఖ తీరంలో సభలూ, సంబరాలూ - విస్తరాకు నుంచి ఫ్లెక్సీ దాకా

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు అడిగారు. చరిత్ర అనగానే మన మిత్రులు భీమిలిలో డచ్చివారి సమాధుల గురించో, సింహాచలం శాసనాల గురించో రాస్తారు. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. నాకు తెలిసినదల్లా సభ ముగిసిన తరువాతి చరిత్ర. 1970లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరిన నాటి నుంచి పదవీ విరమణ వరకు ఈ ఊళ్ళో ఏ సభ జరిగినా, వేదిక మీద ఎవరేం మాట్లాడారో నాకు తెలిసేది కాదు. మర్నాడు తెల్లవారుజామున ఆ మైదానంలో ఏమి మిగిలిందో మాత్రం తెలిసేది.

ఈ విషయమే ఎంచుకోవడానికి మరొక కారణం ఉంది. రాబోయే సర్వసభ్య సమావేశం బీచ్ రోడ్డులో జరపాలని కార్యవర్గం తీర్మానించిన సంగతి సభ్యులకు విదితమే. మంచినీళ్ళ సీసాలు కొనాలా వద్దా, భోజనం విస్తళ్ళలోనా ప్లేట్లలోనా అనే దగ్గర రెండు పక్షాలయ్యాయి. రెండు పక్షాల వాదనలోనూ న్యాయం ఉంది. ఈ తగవు మన సంఘంతో పుట్టినది కాదు, దీనికి కొంత పూర్వచరిత్ర ఉంది.

విశాఖపట్నం సభలకు కొత్త ఊరు కాదు. 1915లో మూడవ ఆంధ్ర మహాసభ ఇక్కడే జరిగింది. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొద్ది సంవత్సరాలకే వాల్తేరు చేరింది. 1933లో రేవు ప్రారంభమయింది. అంతకు పూర్వమే తెల్లదొరలకు వాల్తేరు గాలి మార్పుకు వచ్చే చోటు. చదువు, రేవు, సముద్రపు గాలి మూడూ ఒకచోట ఉన్న ఊరికి అతిథులు రాకుండా ఉండరు. 1966లో ఉక్కు ఉద్యమం నాటి సభలు మనలో చాలామందికి గుర్తే. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినప్పుడు సాహిత్యలోకమంతా ఇక్కడికే తరలివచ్చింది.

ఆనాటి సభకు సామగ్రి ఏమిటి? తాటాకు పందిరి, కాస్త డబ్బుంటే షామియానా. మామిడి తోరణాలు. గుడ్డ మీద ఆర్టిస్టు చేతిరాతతో ఒకటో రెండో బ్యానర్లు. ఊరంతా గోడల మీద సున్నం, నీలిమందు, గేరుతో రాతలు. రిక్షాకు మైకు కట్టి చెప్పే ప్రకటన. నీళ్ళకు గంగాళాలు, కుండలు. ప్రతి కుండ దగ్గరా గొలుసుతో కట్టిన ఒక గ్లాసు. గొలుసు ఎందుకంటే గ్లాసు పోతే అద్దె సామాన్ల కొట్టువాడు ఊరుకోడు కనుక.

ఈ అద్దె కొట్టు గురించి కొంచెం చెప్పాలి. కుర్చీలు, జంపఖానాలు, గుండిగలు, గరిటెలు, గ్లాసులు, పెట్రోమాక్స్ దీపాలు అన్నీ అక్కడ లెక్కపెట్టి ఇచ్చేవారు, లెక్కపెట్టి తీసుకొనేవారు. గ్లాసు సొట్టపోతే కోత, పోతే ఖరీదు. అందుచేత సభ ముగిశాక కార్యకర్తల్లో ఇద్దరు ముగ్గురు అర్ధరాత్రి వరకు బల్లల కింద దూరి గ్లాసులు వెతికేవారు. ఈనాడు పెద్ద పెద్ద సదస్సుల్లో పునర్వినియోగమని ఏ పద్ధతిని ఉపన్యసిస్తున్నారో, అది ఆ కొట్టువాడి పద్దు పుస్తకంలో ఉండేది. పర్యావరణం మాట అతడు విని ఉండడు. వస్తువు ఖరీదయినది, మనిషి కూలి చవక. అదే అసలు కారణం.

భోజనాలకు అడ్డాకుల విస్తళ్ళు. పాడేరు, అరకు వైపు కొండల్లో అడ్డతీగ ఆకులు కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి గిరిజన స్త్రీలు కట్టలు కట్టేవారు. ఆ కట్టలు సంతల మీదుగా పూర్ణా మార్కెట్టుకు దిగేవి. వంటవాడు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని విస్తళ్ళు బాబూ?" అని. విస్తళ్ళ లెక్కే బియ్యం లెక్క, పప్పు లెక్క. కూర్చోబెట్టి వడ్డించే పంక్తిలో కావలసినంతే విస్తట్లో పడేది. మిగిలితే మర్నాటి పొద్దుటికి ఆవులూ మేకలూ వచ్చి ఆకులతో సహా తినేవి. వాటికీ మిగిలినది చెత్తకుండీకి చేరి ఎరువయ్యేది.

ఇక్కడే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పాత రోజుల గురించి రాసేటప్పుడు మన వయసువారికి కళ్ళు చెమర్చడం సహజం. కాని ఆ విస్తళ్ళు ఎత్తినదెవరు? పంక్తి లేచాక ఎంగిలాకులు తట్టలకెత్తి నెత్తిన పెట్టుకొని మోసిన మనుషులకు ఆ పంక్తిలో చోటు ఉండేది కాదు. వారికి భోజనం వెనక వాకిట్లో, అందరిదీ అయిన తరువాత. గొలుసు గ్లాసు దగ్గరకు కొందరు రాకూడదు, వారికి పైనుంచి దోసిట్లో పోసేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా ఈ తంతు కొన్ని చోట్ల కళ్ళారా చూశాను. తరువాతి రోజుల్లో విసిరేసే కప్పు వచ్చినప్పుడు, దానిని చెడ్డదని ఎవరూ అనుకోలేదు. ఎవరు తాగిన గ్లాసు ఎవరు కడిగారన్న ప్రశ్న లేకుండా అందరి చేతికీ ఒకే రకం కప్పు వచ్చింది. అందులో ఒక సమానత్వం కనిపించింది. విసిరేసే సరుకు మన మధ్యకు అంత సులువుగా ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ సంగతి మరచిపోకూడదు.

1979లో మన ఊరు కార్పొరేషనయింది. ఉక్కు కర్మాగారం నిర్మాణంతో జనం పెరిగారు, కల్యాణ మండపాలు పెరిగాయి. 1980ల చివర్లో బఫే భోజనాలు మొదలయ్యాయి. తొలుత పింగాణీ ప్లేట్లు, పిదప మెలమైన్ ప్లేట్లు, తరువాత థర్మకోల్ ప్లేట్లు. 1990లలో నీళ్ళ పొట్లాలు వచ్చాయి, వెనకే సీసాలు. కడిగేవాళ్ళు దొరకడం కష్టమయింది, దొరికినా కూలి పెరిగింది. అది న్యాయమే. అద్దె కొట్టువాళ్ళు గ్లాసుల వ్యాపారం మానుకొని డేరాల వైపు మళ్ళారు. ఇదంతా జరగడానికి పదేళ్ళు పట్టిందేమో. ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. ఎవరూ తీర్మానం చేయలేదు.

తేడా మాకు తెలిసింది. అంతకు మునుపు సభ మర్నాడు బరువు ఎక్కువ, పరిమాణం తక్కువ. ఒక బండిలో సరిపోయేది. ఆ తరువాత బరువు లేదు గాని బండ్లు నిండిపోయేవి. ఒకసారి ఒక పెద్ద సంస్థవారు సముద్రపు ఒడ్డున వార్షికోత్సవం జరుపుకొన్నారు. తెల్లవారి మేము వెళ్ళేసరికి ఇసుక మీద చెత్త పెద్దగా లేదు. నేను సంతోషించబోతుంటే మా మేస్త్రీ, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడు, అన్నాడు: "సంతోషించకండి బాబూ. పూర్వం సభయితే ఆవులొచ్చేవి. ఇప్పుడు గాలొస్తంది. సరుకంతా లోనికెల్లిపోనాది." అతడు చెయ్యి చాపిన వైపు చూస్తే అలల మీద తెల్లగా కప్పులు తేలుతున్నాయి.

అతడు చెప్పినది అక్షరాలా శాస్త్రం. పగలు గాలి సముద్రం మీద నుంచి నేల మీదకు వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి నేల మీద నుంచి సముద్రం మీదకు తిరుగుతుంది. సాయంత్రం సభ, రాత్రి భోజనం, ఉదయం ఊడ్పు అనే క్రమం ఊరి మధ్య మైదానంలో సరిపోతుంది. సముద్రపు ఒడ్డున సరిపోదు. తేలిక వస్తువు ఆ రాత్రే నీళ్ళ పాలవుతుంది. ఆటు పోటులు మిగిలిన పని చేస్తాయి. అప్పటి నుంచి మా విభాగంలో తీరం వెంబడి సభలకు మనుషులను తెల్లవారుజామున కాక, జనం లేచే వేళకే పంపాలని నేను పట్టుబట్టేవాడిని. రాత్రి డ్యూటీకి అదనపు భత్యం మంజూరు కావడానికి ఎన్ని నోట్లు రాయవలసి వచ్చిందో సహోద్యోగులకు గుర్తుండే ఉంటుంది.

ఊరి లోపల జరిగే సభలకూ సముద్రానికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. మన ఊరి గెడ్డలన్నీ చివరకు సముద్రంలోకో, రేవులోకో దిగుతాయి. కల్యాణ మండపం వెనక గెడ్డలో వేసిన కప్పు ఒక పెద్ద వానకు తీరం చేరుతుంది. దారిలో ఆగితే గెడ్డ పూడి, వీధులు మునుగుతాయి.

బీచ్ గురించి రాస్తూ ఇసుక గురించి చెప్పకపోతే ఎలా? రామకృష్ణా బీచ్‌లో మనం కూర్చునే ఇసుక ప్రకృతి ఒక్కటే ఇచ్చినది కాదు. మన తీరంలో అలల ఒరవడికి ఇసుక సంవత్సరంలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. రేవు కట్టేనాడు అలలను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేశారు. తరువాత 1970లలో బయటి రేవు, దాని అడ్డుకట్టలు వచ్చాయి. ఇసుక నడక ఆగింది. దక్షిణాన మేట వేసిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఉత్తరాన ఉన్న బీచ్‌కు పోస్తూ రావలసి వచ్చింది. అంటే మన సభావేదిక కింది నేల కూడా ఖర్చు పెట్టి తెచ్చుకొన్నదే. దాని మీద లారీలు నడిపి, ఇనుప స్తంభాలు పాతి, వేదికలు కట్టేవారికి ఈ సంగతి ఒక్కసారి చెప్పాలనిపిస్తుంది.

ఆ ఇసుకకు మనకంటే ముందు హక్కుదారులు ఇద్దరున్నారు. ఒకరు జాలరులు. పడవ లాగుకోవడానికి, వల ఆరబెట్టుకోవడానికి, చేపలు ఎండబెట్టడానికి వారికి ఆ ఒడ్డే పొలం, అదే కళ్ళం. ఉత్సవమని నాలుగు రోజులు పడవలు తీయించేస్తే అది వారికి నాలుగు రోజుల కూలి. రెండవవారు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. మన తీరానికి అవి ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ వస్తాయి. ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు ఇసుకలో కప్పి వెళ్ళిపోతుంది. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటపడి వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు పరుగెడతాయి. వెలుతురు లేని తీరంలో ఆ దిక్కు సముద్రం. బీచ్ రోడ్డులో ఆ దిక్కు మన దీపాలు. అటవీశాఖవారు గుడ్లు సేకరించి కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదలడం మన తీరంలో ఏళ్ళ తరబడి జరుగుతోంది. ఆదికూర్మానికి గుడి ఉన్న శ్రీకూర్మం మనకు పక్క సీమలోనే ఉంది. జాలరుల్లో పెద్దవాళ్ళు తాబేలు వలలో పడితే దణ్ణం పెట్టి వదిలేయడం నేను చూశాను.

చిక్కేమిటంటే విశాఖలో సభలకూ ఉత్సవాలకూ అనువైన కాలం కూడా అదే. వానలు వెళ్ళి, ఎండలు ముదరని జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఒకసారి జాబితా చూడండి. అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష 2016 ఫిబ్రవరి 4 నుంచి 8 వరకు. పరిశ్రమల భాగస్వామ్య సదస్సులు 2016 జనవరిలో, 2017 జనవరిలో, 2018 ఫిబ్రవరిలో. రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష 2022 ఫిబ్రవరిలో. ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు 2023 మార్చి 3, 4 తేదీల్లో. జి-20 దేశాల మౌలిక సదుపాయాల బృంద సమావేశం అదే నెల 28, 29 తేదీల్లో. తాబేళ్ళ క్యాలెండరూ, ప్రోటోకాల్ క్యాలెండరూ ఒకదాని మీద ఒకటి పరచినట్లే ఉంటాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా మన ఊరి మీద పడింది. లక్షల చెట్లు పోయాయి, వారం రోజులు దీపాలు లేవు. కూలిన వీధి దీపాల స్థానంలో ఊరంతా ఎల్.ఇ.డి. దీపాలు వేశారు, 90 వేలకు అటూ ఇటూగా. కరెంటు ఆదా అయింది. పదహారు నెలలు తిరగకుండానే యాభై దేశాల నావికాదళాలు వచ్చి మన ఎదుట నిలిచాయి. అప్పటికి నేను పదవీ విరమణ చేసి చాలాకాలమయినా, బీచ్ రోడ్డులో ఆ జనాన్ని చూసి, పాత అలవాటు చొప్పున ఎక్కడెక్కడ చెత్తబుట్టలున్నాయో లెక్కపెట్టుకొంటూ నడిచాను. మా ఆవిడ ఓడలు చూడమని నాలుగుసార్లు చెప్పవలసి వచ్చింది.

ప్రపంచంలో మిగిలిన చోట్ల కూడా ఈ ఆలోచన మెల్లగానే వచ్చింది. 1992 రియో సదస్సు తరువాత, పర్యావరణం గురించి మాట్లాడే సభలే ఎంత చెత్త మిగులుస్తున్నాయన్న ప్రశ్న లేచింది. 2007లో బ్రిటిష్‌వారు సభలూ ఉత్సవాలూ జరిపే తీరుకు ఒక ప్రమాణం రాశారు. 2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా అది అంతర్జాతీయ ప్రమాణమయింది, ఐ.ఎస్.ఓ. 20121 అని దాని సంఖ్య. అందులో ఇన్ని సీసాలు, ఇన్ని దీపాలు అనే లెక్కలుండవు. ఏమి వాడబోతున్నారో ముందే రాసుకోండి, ఎవరికి ఇబ్బందో అడగండి, అయ్యాక లెక్క చూసి మరుసటిసారి తగ్గించండి అని చెబుతుంది. మన ఆడిటువారి పద్ధతే.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లకు హద్దు పెట్టాయి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లో మాత్రం చాలామంది చదవని ఒక వాక్యం ఉంది. లైసెన్సు లేని చోట వందమందికి మించి జనాన్ని కూర్చేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి, తడి చెత్త, పొడి చెత్త అక్కడికక్కడే వేరు చేసి అప్పగించే బాధ్యత కూడా వారిదే. నా సర్వీసులో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఎన్ని ఉదయాలు సుఖంగా గడిచేవో! చెత్త సభ జరిపినవారిది, ఊడ్చేవారిది కాదు అని కాగితం మీద మొదటిసారి చెప్పింది అదేనని నా అభిప్రాయం.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకులు కొన్నింటిని నిషేధించారు. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మకోల్ ఆ జాబితాలో ఉన్నాయి. నీళ్ళ సీసాలు లేవు. ఆ ఆగస్టు 26న మన తీరం వెంబడి వేలాదిమందితో చెత్త ఏరించారు. ఆ రోజే ముఖ్యమంత్రి ఇక్కడి వేదిక మీద నుంచి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నట్లు ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు. తరువాత 2023 జనవరి 26కు వాయిదా వేశారు. ఫ్లెక్సీలు ఇప్పటికీ ఏ కూడలిలో ఎన్ని ఉన్నాయో పాఠకులు కిటికీ తెరిచి చూసుకోవచ్చు.

ఫ్లెక్సీ మీద నా కోపానికి మరొక కారణముంది. గుడ్డ మీద అక్షరం రాసే ఆర్టిస్టులు ఈ ఊళ్ళో పదుల సంఖ్యలో ఉండేవారు. వారి చేతిలో తెలుగు అక్షరాలకు ఒక ఒడుపుండేది. 2000 తరువాత నాలుగైదేళ్ళలో ఆ వృత్తి కనుమరుగయింది. గుడ్డ బ్యానరు సభ అయ్యాక ఎవరింట్లోనో మసిగుడ్డగానో, రిక్షా మీద కప్పుగానో బతికేది. ఫ్లెక్సీ పి.వి.సి. సరుకు. దానిని తగలబెడితే వచ్చే పొగలో ఆమ్లమూ, డయాక్సిన్లూ ఉంటాయి. పాతితే మట్టిలో కలవదు.

మంచి చెప్పవలసిన చోట చెప్పాలి. 2018లో ముడసర్లోవ జలాశయం మీద తేలే సౌర ఫలకాలతో 2 మెగావాట్ల విద్యుత్తు మొదలయింది. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ముప్ఫైమూడు అంశాలు పరీక్షించి ఇచ్చే జెండా అది. 2025 మొదట్లో నిర్వహణ లోపాల వల్ల కొద్దికాలం ఆ జెండా దింపవలసి వచ్చి, లోపాలు దిద్దాక తిరిగి ఎగిరింది. నా దృష్టిలో జెండా రావడం కంటే దింపడం ముఖ్యమయిన సంగతి. దింపగలిగిన జెండాకే విలువ ఉంటుంది. 2025 జూన్ 21న యోగా దినం నాడు సుమారు 3 లక్షలమంది తీరం వెంబడి కూర్చున్నారు. అదే నవంబరు 14, 15 తేదీల్లో భాగస్వామ్య సదస్సు మళ్ళీ మన ఊరికి వచ్చింది. ఇంజనీరింగు కళాశాల మైదానంలో తాత్కాలికంగా పెద్ద పెద్ద డేరాలు లేచాయి. ఇటువంటి డేరాల్లో పరిచే తివాచీలు సాధారణంగా రెండు రోజులకు మించి బతకవు. ఈ ఒక్క విషయంలో మన పాత జంపఖానాలు గెలిచాయి.

పెద్ద సదస్సుల సంగతి అటుంచుదాం, అవి మన చేతిలో లేవు. మన సమావేశం మన చేతిలో ఉంది. ఇప్పుడు కార్యవర్గంలోని రెండు పక్షాల దగ్గరకు వస్తాను. సీసాలు కావాలన్నవారు చెప్పేది ఇది: మన సభ్యుల్లో మధుమేహం, మూత్రపిండాల జబ్బులున్నవారున్నారు, నీళ్ళలో తేడా వస్తే ఎవరు బాధ్యులు? మూత తీయని సీసా నమ్మకం. ఈ మాట తేలికగా కొట్టిపారేసేది కాదు. రెండవ పక్షంవారు కాగితం కప్పులు పెడదామంటున్నారు. కాగితం కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే నీళ్ళు నిలవవు. ఆ పొర వల్ల అది కాగితంగానూ పనికిరాదు, ఎరువుగానూ పనికిరాదు. పేరు మారింది గాని సరుకు మారలేదు. మట్టిలో కలిసిపోతాయని అమ్మే సంచులు కూడా అధిక వేడిలో ఎరువు తయారుచేసే కేంద్రానికి చేరితేనే కలుస్తాయి. సముద్రంలో పడితే సంచీ సంచీగానే తిరుగుతుంది.

లెక్క చూద్దాం. మూడు వందలమంది, రోజంతా సమావేశం, మనిషికి లీటరున్నర నీళ్ళు. అరలీటరు సీసాలయితే తొమ్మిది వందలు. ఇరవై లీటర్ల క్యాన్లయితే ఇరవై మూడు. క్యాను కూడా మూత వేసి సీలు చేసి వచ్చేదే కనుక నమ్మకం విషయంలో తేడా లేదు. ఖాళీ క్యాను మళ్ళీ కొట్టుకు పోతుంది, అద్దె గ్లాసు పోయినట్లే. జబ్బున్నవారు ఇంటి నుంచి నీళ్ళు తెచ్చుకొంటే మరీ మంచిది. గ్లాసు ఒక్కటే సమస్య.

భోజనానికి స్టీలు కంచాలు పెడదామని మరొకరు అన్నారు. నేను దానికి ఒప్పుకోలేదు. మూడు వందల కంచాలు కడగడానికి పట్టే నీళ్ళు ఎండాకాలంలో ఈ ఊరు ఇవ్వలేదు. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ మట్టాలు తగ్గితే మనలో ఎంతమందికి రోజు మార్చి రోజు నీళ్ళు వచ్చాయో గుర్తుంది కదా. అందుచేత భోజనానికి అడ్డాకు విస్తళ్ళు, నీళ్ళకు స్టీలు గ్లాసు. అడ్డాకు కట్టలు మార్కెట్టులో ఇంకా దొరుకుతున్నాయి. ప్లాస్టిక్ కాగితం అతికించిన విస్తళ్ళు కూడా వస్తున్నాయి, అవి వద్దు. తిప్పి చూసి కొనాలి. బఫే వద్దు, పంక్తి భోజనాలే. మోకాళ్ళ నొప్పులవారికి బల్లలు వేయిస్తాం. విస్తళ్ళు ఎత్తడానికి వచ్చే కార్మికులకు మన పంక్తిలోనే, మనతోపాటే భోజనం. దీని మీద కార్యవర్గంలో రెండు పక్షాలు లేవని చెప్పడానికి సంతోషిస్తున్నాను.

ఒక సభలో అన్నిటికంటే ఎక్కువ ఇంధనం సాధారణంగా వేదిక దగ్గర కాదు, వచ్చేవారి ప్రయాణంలో ఖర్చవుతుంది. గాజువాక, అనకాపల్లి, విజయనగరం వైపు సభ్యులకు ఒక్కొక్క బస్సు మాట్లాడుతున్నాం. మనవలు కారులో దింపుతామంటే వారి ఉత్సాహాన్ని కాదనను గాని, బస్సులో పాత మిత్రులుంటారు. హైదరాబాదు నుంచి వచ్చేవారికి రైళ్ళు ఎన్నయినా ఉన్నాయి. సమావేశం సాయంత్రం 5 గంటలకే ముగుస్తుంది. తాబేళ్ళ కాలం గనుక బయట ఫ్లడ్‌లైట్లు, సీరియల్ దీపాలు ఉండవు. స్థానిక సంస్థకు మూడు పనిదినాల ముందు ఇవ్వవలసిన ఉత్తరం చిత్తుప్రతి నేనే రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను.

బ్యానరు గుడ్డ మీద రాయించాం. వృత్తి మానుకొని మనవడి కిరాణా కొట్టులో కూర్చున్న ఒక పాత ఆర్టిస్టును వెతికి పట్టుకొన్నాం. సంవత్సరం, తేదీ, ఎన్నవ సమావేశం అనే మూడు చోట్ల ఖాళీ ఉంచి, అవి విడి గుడ్డముక్కల మీద రాసి గుండీలతో తగిలించేటట్లు చేశాడు. ఏటా ఆ ముక్కలు మారిస్తే చాలు. కుంచె పట్టుకోగానే చెయ్యి కొంచెం వణికింది గాని అక్షరం వణకలేదు.

సభ్యులందరూ ఇంటి నుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకోవలసిందిగా ప్రార్థన. పూర్వం పెళ్ళిళ్ళలో ఇచ్చిన గ్లాసుల మీద పేరు చెక్కించేవారు కనుక అటువంటివి ఉంటే తారుమారు కాకుండా ఉంటాయి. నేను తెచ్చే గ్లాసు మీద మా మామగారి పేరు ఉంటుంది, నా పేరు కాదు. పొరపాటున ఎవరి సంచీలోనైనా చేరితే దయచేసి నాకు అందజేయగలరు. ఇంట్లో లెక్క అడుగుతారు.